కారు రంగును గీసేది బ్రష్షా, ఇసుకా?

[బల్ల మీద నల్ల కడప బండ ముక్క, గిన్నెలో నీళ్లు, రెండు తువ్వాళ్లు, కాగితం పొట్లంలో ఇసుక.]

నమస్కారం. మా పక్కింటి మామ ఈమధ్య నల్ల కారు కొన్నారు. బెంగళూరు వెళ్లినప్పుడు బంకు పక్కన ఆటోమేటిక్ కార్ వాష్ కనిపిస్తే చాలు, కారును అటువైపు కూడా తిప్పరు. "ఆ బ్రష్షులు రంగంతా గీకేస్తాయి నాయనా" అంటారు. సరే, ఆయన కారు, ఆయన ఇష్టం. కానీ అదే మామ రోజూ పొద్దున ఆరింటికల్లా తువ్వాలు దులిపి, రాత్రంతా దుమ్ము పట్టిన కారును పొడిపొడిగా, బలంగా తుడుస్తారు. ఆ చప్పుడు మేడ మీద పడుకున్న నాకు వినిపిస్తుంది. నిద్ర చెడినందుకు కోపమని మాత్రం అనుకోకండి. కొంచెం అదీ ఉందిలెండి.

ఈ బండ మా అమ్మ వంటింటి అలమరకు తెప్పించుకున్నది. నాకు ఒక్క పూటకు అప్పిచ్చింది. కడప జిల్లాలో కూర్చుని కడప బండ గురించి చెబితే నవ్వుతారు కాబట్టి నేరుగా పనిలోకి దిగుతాను.

[తడి తువ్వాలుతో ఒక వైపు రుద్దుతూ.]

తువ్వాలు శుభ్రం, బండ శుభ్రం, మధ్యలో నీళ్లు. ఇరవైసార్లు రుద్దాను. మెరుపు అలాగే ఉంది. ఇప్పుడు రెండో వైపు పెన్నా ఇసుక చిటికెడు చల్లి, పొడి తువ్వాలుతో రుద్దుతాను.

[కరకరమనే చప్పుడు.]

విన్నారా? మామ కారు దగ్గర పొద్దున్నే వినిపించేది ఇదే. చెయ్యి అదే, తువ్వాలు గుడ్డ అదే. కొత్తగా వచ్చి చేరింది ఇసుక. కడప బండ అంటే సున్నపురాయి. అందులో ముఖ్యమైన ఖనిజం కాల్సైట్. ఖనిజాల గట్టిదనాన్ని 1 నుంచి 10 వరకూ లెక్కగట్టే మోస్ కొలమానంలో దాని గట్టిదనం 3. ఇసుకలోని క్వార్ట్జ్‌ది 7. మనం కూరగాయలు కోసే చాకు ఉక్కు కూడా సాధారణంగా క్వార్ట్జ్ కంటే మెత్తనే. అలాంటి ఇసుక ముందు రాయే ఓడిపోతే, కారు మీద ఉన్న పొర ఏపాటిది?

అది రాయి కూడా కాదు, గట్టిపడిన ప్లాస్టిక్ లాంటిది. ఎరుపో నలుపో కనిపించే రంగు అడుగున ఉంటుంది. దాని మీద క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పూత ఉంటుంది. చేయి తగిలేది ఆ పూతకే, గీతలు పడేదీ దానికే. మందం సుమారు 35 నుంచి 50 మైక్రాన్లు. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తల వెంట్రుక సుమారు 70 మైక్రాన్లు ఉంటుంది. అంటే మనం లక్షలు పోసి కొన్న మెరుపు వెంట్రుక మందం కూడా లేదు. బండకు గీతలు పడితే మిషను పెట్టి పాలిష్ చేయించుకోవచ్చు. అంగుళం మందం ఉంది కాబట్టి ఎన్నిసార్లయినా చేయించవచ్చు. కారుకు పాలిష్ పెట్టించిన ప్రతిసారీ ఆ వెంట్రుకలోనే కొంత అరుగుతుంది. "ఏడాదికి రెండుసార్లు పాలిష్ కొట్టిస్తాను" అని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది.

బ్రష్షుల సంగతికి వద్దాం. వాటికి చెడ్డపేరు ఊరికే రాలేదు. పాత యంత్రాల్లో బిరుసైన ప్లాస్టిక్ కుచ్చులు ఉండేవి. ఇప్పుడు చాలాచోట్ల మెత్తటి నురుగు పట్టీలో, గుడ్డ పట్టీలో వాడుతున్నారు. వాటితో ఈ బండను రోజంతా రుద్దినా ఏమీ కాదు. తంటా ఎక్కడంటే, మీ ముందు ఆ యంత్రంలోకి వెళ్లిన బండి గండికోట మట్టిదారుల్లో తిరిగి వచ్చిందనుకోండి. దాని మట్టి పట్టీల్లో ఇరుక్కుంటుంది. ఆ తరువాత వంతు మీది. అనంతపురం జిల్లాలో బొమ్మనహాళ్, కణేకల్లు వైపు గాలికి ఇసుక మేటలు వేస్తుంది. అక్కడి నుంచి వచ్చిన కారును నీళ్లు కొట్టకుండా నేరుగా బ్రష్షుల కిందికి తోలితే, మామ తువ్వాలుకూ ఆ యంత్రానికీ తేడా లేదు.

ఇంట్లో మీరు ఈ బండల నేలను ఊడవకుండా తడిగుడ్డ పెడతారా? అమ్మ ఊరుకుంటుందా? కారుకూ అంతే. బ్రష్షు తగలకముందే ఒత్తిడితో నీళ్లు కొట్టి మట్టిని రాల్చడం ఊడవడం లాంటిది. ఆ తరువాత సబ్బు నురుగు. ఆ తరువాతే రుద్దడం. యంత్రంలోకి వెళ్లే ముందు ఎవరైనా పైపుతో నీళ్లు కొడుతున్నారో లేదో ఒక్క నిమిషం నిలబడి చూడండి. లేకపోతే వెనక్కి తిప్పేయండి.

ఒక ముచ్చట చెప్పాలి, నాకు చాలా ఇష్టమైనది. ఎండలో నల్ల కారు మీద సాలెగూడు లాంటి గుండ్రటి గీతలు కనిపిస్తాయి. "బ్రష్షు గుండ్రంగా తిరిగింది కాబట్టి గుండ్రంగా గీసింది" అంటారు. కాదు! గీతలు అన్ని దిక్కులా అడ్డదిడ్డంగానే ఉంటాయి. వెలుగుకు అడ్డంగా ఉన్నవే మెరుస్తాయి, మిగతావి కంటికి ఆనవు. అందుకే వెలుగు చుట్టూ వలయాలు ఉన్నట్టు తోస్తుంది.

[గది చీకటి చేసి, గీతలు పడిన వైపు ఫోను లైటు వేస్తూ.]

లైటును కుడికి జరిపాను. వలయమూ కుడికి వచ్చింది. ఎడమకు జరిపాను, అదీ ఎడమకు. గీతలు నిజంగా గుండ్రంగా ఉంటే నా ఫోను వెంట నడవవు కదా! మామకు ఇది చూపిస్తే "ఏదో మాయ చేస్తున్నావు" అన్నారు.

అయ్యో, కెమెరా బ్యాటరీ ఎర్రగీత దగ్గరికి వచ్చింది. మిగతాది గబగబా చెబుతాను. బ్రష్షే తగలని యంత్రాలూ ఉన్నాయి. గీతల భయం తక్కువే, కానీ రుద్దకుండా మురికి వదలాలి కాబట్టి ఘాటైన రసాయనాలు వాడతారు, మైనం పూత ఉంటే త్వరగా పోతుంది. మన ఊళ్లలో వాటర్ సర్వీసింగ్‌లో చేత్తో కడుగుతారని నిశ్చింతగా ఉండకండి. గుడ్డ కింద పడితే తీసి మళ్లీ దానితోనే తుడిచారో, ఇక ఈ బండ కథే. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఎండలో వాటంతట అవే ఆరితే తెల్ల మచ్చలు మిగులుతాయి. నీడలో కడిగి, వెంటనే మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డతో అద్దండి, రుద్దకండి. కొత్తగా పెయింటింగ్ చేయించిన తలుపో బానెట్టో ఉంటే దాదాపు నెల వరకూ ఏ యంత్రం దగ్గరికీ తీసుకెళ్లకండి. గీత మీద గోరు పెట్టి లాగితే ఆగిందా, అది లోతైన గీత, పాలిష్‌కు పోదు. సిరామిక్ కోటింగ్ వేయిస్తే గీతలే పడవని చెప్పేవాళ్లు...

[బయటి నుంచి అమ్మ గొంతు: "బండ తెచ్చావా?"]

వస్తున్నా! గీతలు పడిన వైపు గోడకు ఆనించి, మెరిసే వైపు బయటికి పెడతాను. ఈ వీడియోను మా అమ్మకు మాత్రం పంపకండి.