బావా, ఎప్పుడు వచ్చితీవు

అందరికీ నమస్కారం. నాటకం మొదలయ్యేలోపు కొంచెం మాట్లాడమన్నారు. పక్కన హార్మోనియం శ్రుతి చూసుకుంటున్నారు, కాబట్టి ఎక్కువసేపు తీసుకోను.

ఈ రాత్రి మీరు చూడబోయే 'శ్రీకృష్ణ రాయబారం'ని తిరుపతి వేంకట కవులు ఈ రూపంలో రాయలేదు. దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి గార్లు భారత కథను పాండవ జననం నుంచి అశ్వమేధం దాకా ఆరు నాటకాలుగా రాశారు. వాటిలో 'పాండవోద్యోగా'న్నీ 'పాండవ విజయా'న్నీ నాటక సమాజాల వాళ్లు కత్తిరించి, కలిపి, ఒక రాత్రికి సరిపెట్టుకున్నారు. మిగతా నాలుగింటి పేర్లు ఇక్కడ ఎంతమందికి గుర్తున్నాయో చేతులెత్తమని అడగను, బాగుండదు.

ఇప్పుడు పడక సీనుకి రండి. కృష్ణుడు దొంగనిద్ర పోతుంటాడు. దుర్యోధనుడు ముందే వచ్చి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు వెనకొచ్చి కాళ్ల దగ్గర ఉంటాడు. లేవగానే ముందు కాళ్లవైపు చూపు పడుతుంది. అర్జునుణ్ణి పలకరించాక దుర్యోధనుడి వైపు తిరిగి, 'బావా! ఎప్పుడు వచ్చితీవు, సుఖులే భ్రాతల్ సుతుల్ చుట్టముల్' అంటాడు. వీధి అరుగు మీద చుట్టాన్ని అడిగే మాటే ఇది. పైగా, వచ్చిన సంగతి తెలిసే పడుకున్నవాడు 'ఎప్పుడు వచ్చావ'ని అడుగుతున్నాడు! ఆ నవ్వు పద్యం లోపలే ఉంది, నటుడు వేరే తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. ఇంత మామూలు మాట శార్దూలమనే ఛందస్సులో నడుస్తోందని వినేవాడికి తెలియను కూడా తెలియదు. చదువు రాని మా తాతకి ఈ నాటకం పద్యాలు సగం నోటికొచ్చంటే అందుకే.

'జెండాపై కపిరాజు' కూడా అంతే. ద్వాపర యుగపు కృష్ణుడి నోట 'జెండా' ఏమిటని పండితుడు అడగొచ్చు. కేతనం ఉంది, ధ్వజం ఉంది. కానీ ఆ పద్యం ప్రాస చూడండి: జెండా, దండంబు, గాండీవం, ఒక్కండు. సభలో నిలబడి అడిగిందే తడవుగా పద్యం చెప్పే అవధానులు కాబట్టి, చెవికి ఏది తగులుతుందో వాళ్లకు తెలుసు. ధ్వజం అని ఉంటే వెనక వరసలో కూర్చున్న ఎడ్లబండి ఆసామి లేచి 'వన్స్ మోర్' అనేవాడు కాదని నా అనుమానం.

వన్స్ మోర్ అంటే గుర్తొచ్చింది. దానివల్ల నాటకం చెడిందనే వాళ్లలో నేనూ ఒకణ్ణి. సంధి కుదురుతుందా లేదా అని మనం టెన్షన్ పడుతుంటే, కృష్ణుడు రాగం అందుకుని ఐదు నిమిషాలు దిగడు. సభలో కౌరవులంతా దిక్కులు చూస్తుంటారు. పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుణ్ణి ఇప్పటికీ తలుచుకునేది గొంతుతో పాటు మాట విరుపుకీ, అర్థం తెలిసేలా పద్యం చెప్పే తీరుకీ. అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఒకసారి మా ఊరి తిరునాళ్లలో రాయబారం సీను మధ్యలో కరెంటు పోయింది, మైకు ఆగింది. 'చెల్లియో చెల్లకో' అని నటుడు ఉత్త గొంతుతో ఎత్తుకున్నాడు. రెండో పాదానికి చాపల మీద ఉన్న జనం అందుకున్నారు. రాగాలు తీసి తీసి వినిపించకపోతే ఆ పద్యం వాళ్లకు అంతలా పట్టుబడేదా?

ఇంకొక్క మాట. తిరుపతి శాస్త్రి గారు 1920లో పోయారు. వేంకట శాస్త్రి గారు 1950 దాకా ఉన్నారు. ఆ ముప్పై ఏళ్లలో ఒంటరిగా రాసినవాటికి కూడా ఇద్దరి పేరే పెట్టారు. ఈ రాత్రి కరపత్రం మీద కవి పేరు దగ్గర ఒక్కరినే వేశారు. నిర్వాహకులు ఏమీ అనుకోకపోతే, తెర లేచే ముందు మైకులో రెండో పేరు కూడా చదవండి.