విడిపోతూ రాసిన పాట

అందరికీ నమస్కారం.

‘ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ’ అనగానే చాలామందికి విట్నీ హ్యూస్టన్ గుర్తొస్తారు. 1992లో ‘ది బాడీగార్డ్’ సినిమాకు ఆమె పాడిన ఆ పాట అమెరికా పాప్ పట్టికలో 14 వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ప్రేమికుల ఎడబాటు గురించిన పాట అనుకుంటూ వింటాం. కానీ అది పుట్టినప్పుడు ఒక రాజీనామా.

రాసింది డాలీ పార్టన్, అమెరికా పల్లె బాణీ అయిన ‘కంట్రీ’ సంగీతంలో పేరున్న గాయని. టెనెసీ కొండల్లోని పేద ఇంట్లో, పన్నెండు మంది పిల్లల్లో నాలుగో బిడ్డ. 1967లో పోర్టర్ వాగనర్ తన టీవీ కార్యక్రమంలోకి తీసుకునేనాటికి ఆమెకు ఇరవై ఒక్కేళ్లు. ఆయన అప్పటికే కంట్రీ సంగీతంలో పెద్ద తార. అంతకుముందు ఆ చోట పాడిన గాయనే కావాలని ప్రేక్షకులు కేకలు వేసిన రోజుల్లో, పోర్టర్ ఈ కొత్త అమ్మాయి పక్కన నిలబడ్డారు. చిన్నప్పుడు తల్లి గుడ్డపీలికలతో కుట్టిన కోటు గురించిన పాటను ఆమె ఆయన బస్సులోనే రాశారు. దగ్గర కాగితం లేకపోతే పోర్టర్ బట్టల లాండ్రీ రసీదు అక్కరకొచ్చింది.

అలాంటి మనిషిని వదిలి వెళ్లాలి. ఐదేళ్లు ఉంటానని చేరిన డాలీకి ఆ గడువు దాటింది, సొంతంగా పాడాలన్న కోరిక పెరిగింది. పోర్టర్ ససేమిరా అన్నారు. రోజూ వాదనలే. ఎంత చెప్పినా ఆయన వినిపించుకోకపోవడంతో, 1973లో ఆమె తన ఇంటికి వెళ్లి పాట రాసి, మర్నాడు ఆయన ఎదుటే పాడారు. విన్న పోర్టర్ కన్నీళ్లు పెట్టుకున్నారని, రికార్డింగ్ తన చేతుల మీదుగా జరిగితే వెళ్లమన్నారని డాలీయే చాలాసార్లు చెప్పారు. నేనుంటే నీ దారికి అడ్డం, అందుకే వెళ్తున్నానంటుంది ఆ పాట. ఎక్కడా నింద లేదు. కృతజ్ఞత ఉన్నా నిర్ణయం మాత్రం మారదు. నాకు ఆ పాటలో అన్నిటికన్నా గొప్పగా తోచేది అదే.

1974లో అది కంట్రీ పట్టికలో మొదటి స్థానానికి చేరింది. రాక్ సంగీతపు మహా తార ఎల్విస్ ప్రెస్లీ పాడతానన్నారు. అంతకన్నా ఏం కావాలి? అయితే ప్రచురణ హక్కుల్లో, అంటే పాట మీద వచ్చే ఆదాయపు హక్కుల్లో, సగం ఇవ్వాలని ఆయన మేనేజర్ టామ్ పార్కర్ పట్టుబట్టారు. డాలీ ఒప్పుకోలేదు. ఆ రాత్రంతా ఏడ్చానని చెప్పుకున్నారు, అయినా పాటను వదులుకోలేదు. తన బతుకులోంచి వచ్చిన మాటలవి, ఎలా పంచి ఇస్తారు?

పాట విని కరిగిన పోర్టరే 1979లో ఒప్పందం ఉల్లంఘించారంటూ ఆమెపై దావా వేశారు. చివరకు రాజీ కుదిరింది. ఏళ్లు గడిచాక స్నేహమూ తిరిగొచ్చింది. 2007లో కంట్రీ సంగీతానికి పేరొందిన వేదిక గ్రాండ్ ఓల్ ఓప్రీలో పోర్టర్ యాభై ఏళ్ల సభ్యత్వ వేడుక జరిగినప్పుడు, డాలీ ఆయన ముందే ఆ పాట పాడారు. అదే ఏడాది అక్టోబరులో పోర్టర్ కన్నుమూశారు.

ఇప్పుడు 1974 నాటి రికార్డు వేస్తాను. విట్నీ గొంతెత్తి పాడిన చివరి చరణాన్ని డాలీ ఇందులో పాడరు, మామూలుగా మాట్లాడినట్టు చెబుతారు. ఎదుట కూర్చున్నది పోర్టర్ అనుకుని వినండి.