పాట పేరు కంటే నిడివి నమ్మకం

(విశాఖపట్నంలో లైనక్స్ వాడే విద్యార్థులు, ఉద్యోగుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కంప్యూటర్‌లో పాట మోగుతుంటే, టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే విండోలో) ఒక్క కమాండ్ కొట్టగానే దాని సాహిత్యం కళ్ళముందుకు రావాలి. ఇవాళ నేను చెప్పబోయేది ఆ పని చేసే చిన్న స్క్రిప్టు (వరసగా నడిచే కమాండ్ల ఫైలు) గురించి. ఇంగ్లీషు పాటకైతే ఇది ఎన్నో ఏళ్ళుగా సాఫీగా సాగుతోంది. తెలుగు పాట పెట్టేసరికి తరచుగా ‘దొరకలేదు’ అనే జవాబొస్తుంది. సాహిత్యం లేక కాదు, చాలాసార్లు అక్కడే ఉంటుంది. మనం అడిగే పేరు, అక్కడున్న పేరు కలవవు.

ముందు స్క్రిప్టు నడిచే తీరు చూద్దాం. లైనక్స్‌లో పాటలు వినిపించే ప్రోగ్రాములు చాలావరకు ఎంప్రిస్ అనే ఒకే పద్ధతిలో తమ వివరాలు బయటపెడతాయి. ప్లేయర్‌సీటీఎల్ కమాండ్ వాటిని చదివి పాట పేరు, గాయకులు, ఆల్బమ్, నిడివి మన చేతికిస్తుంది. వాటిని కర్ల్ అనే, నెట్‌లో అడిగి తెచ్చే కమాండ్‌తో, పాటల సాహిత్యం ఉండే లిరిక్స్ సర్వర్‌కి పంపుతాం. జవాబు జేసన్ అనే డేటా రూపంలో వస్తుంది, దాన్ని చదివే జేక్యూ కమాండ్‌తో సాహిత్యం విడదీసి తెరమీద వేస్తాం. ఇరవై లైన్లకు మించని పని.

వెనకటి స్క్రిప్టులు వెబ్‌పేజీ మొత్తం దించుకుని, గ్రెప్ (వెతికే కమాండ్), సెడ్ (మార్చే కమాండ్) వాడి పేజీలోని ట్యాగులు తీసేసేవి. సైటువాళ్ళు పేజీ డిజైన్ మార్చిన రోజున అవి ఆగిపోయేవి. లిరిక్‌వికీ అనే సాహిత్యం సైటును నమ్ముకున్నవైతే 2020లో ఆ సైటు మూతపడడంతో పూర్తిగా పోయాయి. అందుకే నేను ఎల్‌ఆర్‌సీలిబ్ అనే లిరిక్స్ సర్వర్ వాడమంటాను. దాని ఏపీఐ (ప్రోగ్రాములు నేరుగా అడిగే దారి) ఉచితం, కీ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు. మామూలు సాహిత్యంతో పాటు టైము గుర్తులున్న సాహిత్యం కూడా ఇస్తుంది.

ఇక అసలు చిక్కు. తెలుగు పాట పేరును ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు దీర్ఘానికి ఒకరు రెండు ‘ఏ’లు పెడతారు, మరొకరు ఒకటితో సరిపెడతారు. ఒత్తక్షరానికి హెచ్ పెట్టేవాళ్ళున్నారు, వదిలేసేవాళ్ళున్నారు. ఇంకొకరు తెలుగు లిపిలోనే ఎక్కిస్తారు. పాట పేరు పక్కనే బ్రాకెట్లో సినిమా పేరు తగిలిస్తారు. మన ఫైలులో ఇద్దరు గాయకుల పేర్లుంటే, సర్వర్‌లో సంగీత దర్శకుడి పేరుంటుంది. పాత డౌన్‌లోడ్ ఫైళ్ళలో సైటు చిరునామా కూడా టైటిల్‌లో వచ్చి కూర్చుంటుంది.

ఇన్ని వివరాల్లో స్పెల్లింగుతో సంబంధం లేనిది ఒక్కటే: నిడివి. 276 సెకన్ల పాట ఏ లిపిలో రాసినా 276 సెకన్లే. కాబట్టి సినిమా పేరుతో వెతకండి. వచ్చిన జాబితాలో నిడివి రెండు సెకన్ల తేడా లోపల ఉన్నదాన్ని జేక్యూ సెలెక్ట్‌తో ఏరండి. సినిమాకి ఐదారు పాటలుంటాయి, అందులో రెండు పాటల నిడివి సెకనుతో సహా కలవడం అరుదు. సినిమా పేరుకీ స్పెల్లింగు తేడాలుంటాయి కదా అంటారేమో. కానీ అది పోస్టరు మీద ఇంగ్లీషులో అచ్చయి ఉంటుంది, పాట పేరుగా వాడే పల్లవి అలా అచ్చవదు. కనుక జనం సినిమా పేరును చాలావరకు ఒకేలా రాస్తారు.

రెండు జాగ్రత్తలు. ప్లేయర్‌సీటీఎల్ నిడివిని మైక్రోసెకన్లలో ఇస్తుంది, పది లక్షలతో భాగించాలి. వీడియోలోంచి తీసిన పాటకి ముందో వెనకో డైలాగులు అతుక్కుని ఉంటే నిడివి కలవదు. అప్పుడు జాబితా అంతా ఎఫ్‌జెడ్‌ఎఫ్ అనే, జాబితాలోంచి ఏరుకునే ప్రోగ్రాములో వేసి మనమే ఎంచుకోవాలి. సర్వర్ ఒక వెతుకులాటకి ఇరవై ఫలితాలకు మించి ఇవ్వదు గనుక చూడ్డం కష్టం కాదు.

దొరికిన తెలుగు సాహిత్యాన్ని చూపించడం ఇంకో సమస్య. టెర్మినల్ తెరను సమాన గడులుగా కోసుకుని, గడికో అక్షరం చొప్పున నింపుతుంది. మన ‘శ్రీ’ యూనికోడ్ అనే అక్షర సంకేతాల పట్టికలో నాలుగు సంకేతాలు, ఫైలులో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో పన్నెండు బైట్లు, కంటికి మాత్రం ఒకే అక్షరం. ఆ లెక్క కుదరక చాలా టెర్మినళ్ళలో ఒత్తులు ఊడి పక్కన పడతాయి. అలాంటి తెలుగు చదవమని ఎవరినీ అడగకూడదు. సాహిత్యాన్ని టెర్మినల్‌లోనే చూపే లెస్‌కి బదులు, వేరే విండో తెరిచే జెనిటీ టెక్స్ట్ విండోకి పైపు చేయండి (నేరుగా మళ్ళించండి), అక్షరాలు చక్కగా అమరుతాయి.

ఒకసారి దొరికినదాన్ని పాట ఫైలు పక్కనే, అదే పేరుతో, ఎల్‌ఆర్‌సీ (టైము గుర్తులున్న సాహిత్యం) ఫైలుగా దాచుకోండి. అరకు రైల్లో సొరంగం దాటేటప్పుడు నెట్ ఉండదు, సాహిత్యం మాత్రం ఉండాలి. పైగా అలా పోగైన ఫోల్డరులో గుర్తున్న ఒక్క పాదంతో గ్రెప్ కొట్టి పాటను పట్టుకోవచ్చు. నాకు ఈ స్క్రిప్టులో అన్నిటికన్నా ఇష్టమైన సౌకర్యం ఇదే. కాకపోతే తెలుగు మాటల లోపల, అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనబడని జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. వెతికే ముందు రెండు వైపులా సెడ్‌తో దాన్ని తీసేయండి. లేకపోతే ఉన్న పాదం కూడా లేదని చెబుతుంది.

ఎల్‌ఆర్‌సీలో ప్రతి పాదం ముందు నిమిషాలు, సెకన్లు చదరపు బ్రాకెట్లలో ఉంటాయి. మన పాటలో చరణం అయ్యాక పల్లవి మళ్ళీ వస్తుంది కదా, అందుకని కొందరు పల్లవిని ఒక్కసారే రాసి దాని ముందు రెండు మూడు టైములు వరసగా పెడతారు. లైనుకి ఒక్క టైమే ఉంటుందనుకుని రాసిన స్క్రిప్టు అక్కడ తప్పుతుంది.

హక్కుల మాట కూడా చెప్పాలి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం పాట సాహిత్యం కవి చనిపోయాక 60 ఏళ్ళు రక్షణలో ఉంటుంది. ఈ ఊళ్ళో పుట్టిన శ్రీశ్రీ 1983లో కన్నుమూశారు. ఆ లెక్కన ఆయన పాటలకు 2043 చివరిదాకా హక్కులున్నాయి. సొంతంగా చదువుకోవడం వేరు, సైటు పెట్టి పంచడం వేరు.

మన జానపద కళల్లోని తప్పెటగుళ్ళ పాటలు, జముకుల కథలు రికార్డింగులుగా దొరుకుతున్నా వాటి సాహిత్యం ఏ సర్వర్‌లోనూ నాకు తగలలేదు. ఉత్తరాంధ్ర యాస తెలిసినవాళ్ళు విని రాస్తేనే మాటలు సరిగ్గా వస్తాయి. మీలో ఎవరికైనా పాడేవాళ్ళు తెలిసుంటే, వాళ్ళ అనుమతి అడిగి, పక్కన కూర్చుని ఒక్కో పాదం సరిచూసుకుని ఎల్‌ఆర్‌సీ చేయండి. ఎల్‌ఆర్‌సీలిబ్‌కి ఖాతా లేకుండానే పంపొచ్చు. ఇప్పుడు స్క్రిప్టు తెరమీద పెడతాను, మీ దగ్గరున్న పాటల పేర్లు చెప్పండి, కలిసి నడిపి చూద్దాం.