సరస్సుకు వెళ్లినప్పుడు ముందుగా గాలిని చూడండి

[తెర మీద: కొండల నడుమ సరస్సు. ఈవలి ఒడ్డున నీటి మీద కదలిక లేదు. ఆవలి ఒడ్డున చిన్న అలలు రాళ్లను తాకుతున్నాయి.]

నమస్కారం. సరస్సు దగ్గర ఒక పూట గడపడానికి వెళ్లినవారు నీళ్లలో దిగే చోటును ఎలా ఎంచుకుంటారో గమనించండి. దాదాపు అందరూ అలలు లేని ఒడ్డునే వెతుకుతారు. అక్కడ నీరు ప్రశాంతంగా ఉంది కాబట్టి పిల్లలను దింపవచ్చని, గాలి నింపిన రబ్బరు పడవ వేయవచ్చని, ఈత అంతంత మాత్రంగా వచ్చినవారు కూడా నడుము లోతు దాకా వెళ్లవచ్చని అనుకుంటారు. ఈ నమ్మకం నన్ను చాలాకాలంగా కలవరపెడుతోంది. ఎందుకంటే వేసవిలో, గాలి గట్టిగా వీచే రోజున, లోతైన సరస్సులో అలలు లేని ఆ ఒడ్డే అన్నిటికంటే చల్లని నీరు ఉండే చోటు కావచ్చు. దిగినవారిని సరస్సు నడిమికి తోసుకుపోయే గాలి వీచేది కూడా అక్కడే. ఎందుకు అలా జరుగుతుందో ఈ వీడియోలో వివరిస్తాను. అది అర్థమైతే ఎక్కడ ఈదాలి, పడవను ఎటు నడపాలి, ఏ వేళకు ఏ ఒడ్డున ఉండాలి అన్న ప్రశ్నలకు చాలావరకు జవాబులు వాటంతట అవే దొరుకుతాయి.

[తెర మీద: పొడవాటి గాజు తొట్టె. అడుగున నీలం రంగు కలిపిన నీళ్లు, పైన నూనె.]

నా ముందున్న ఈ గాజు తొట్టెలో నీలం రంగు కలిపిన నీళ్లు పోసి, వాటి మీద నూనె పోశాను. నూనె తేలిక కాబట్టి పైనే నిలిచింది. వేసవిలో లోతైన సరస్సు కూడా ఇలాగే రెండు పొరలుగా విడిపోతుంది. ఎండలోని శక్తిలో సగానికి పైగా మొదటి మీటరు లోతులోనే ఇంకిపోతుంది కాబట్టి పై నీరు వేడెక్కుతుంది. వేడెక్కిన నీరు తేలికవుతుంది కాబట్టి కిందికి దిగదు. గాలి ఆ వెచ్చదనాన్ని కొన్ని మీటర్ల లోతు వరకు కలపగలుగుతుంది గానీ, అంతకు మించి కలపలేదు. వెచ్చని పొరకూ చల్లని పొరకూ మధ్య ఒక్కొక్క మీటరు దిగేకొద్దీ ఒక డిగ్రీ గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉష్ణోగ్రత పడిపోయే పలుచని పట్టీ ఉంటుంది. దానిని థర్మోక్లైన్ అంటారు. ఈదుతూ ఈదుతూ కాళ్లు కిందికి వేలాడదీసినప్పుడు పాదాలకు హఠాత్తుగా చలి తగలడం చాలామందికి అనుభవమే. అడుగున ఏదో ఊట ఉందని చెప్పుకుంటారు గానీ, ఎక్కువసార్లు అక్కడ ఊట ఏమీ ఉండదు. పాదాలు వెచ్చని పొరను దాటి కిందికి వెళ్లాయి, అంతే.

ఈ రెండు పొరల బరువులో తేడా ఎంత తక్కువో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. నీరు అత్యంత బరువుగా ఉండేది సుమారు 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర. ఆ నీటికీ 20 డిగ్రీల నీటికీ మధ్య తేడా లీటరుకు రెండు గ్రాములు కూడా ఉండదు. అంత స్వల్పమైన తేడాయే ఒక ఋతువంతా లక్షల టన్నుల నీటిని పైనా కిందా వేరుగా నిలిపి ఉంచుతుంది. ప్రకృతిలో నాకు అత్యంత ఇష్టమైన విషయాలలో ఇది ఒకటి.

[తెర మీద: గొట్టంతో తొట్టె ఎడమ వైపు నుంచి నూనె మీదికి ఊదడం.]

ఇప్పుడు ఎడమ వైపు నుంచి గొట్టంతో ఊదుతున్నాను. నూనె కుడి వైపుకు జరిగి అక్కడ మందంగా పేరుకుంటోంది. ఎడమ వైపు నూనె పలుచబడి, దాని కింది నీలం నీరు పైకి వస్తోంది. సరస్సు మీద కొన్ని గంటల పాటు ఒకే దిక్కు నుంచి గాలి వీస్తే జరిగేది ఇదే. వెచ్చని పై పొర గాలి వెళ్లే వైపు ఒడ్డుకు చేరి పేరుకుంటుంది. గాలి బయలుదేరిన వైపు ఒడ్డున లోపలి చల్లని నీరు పైకి లేస్తుంది. అలలు కూడా గాలి నీటి మీద ప్రయాణించిన దూరాన్ని బట్టే పెరుగుతాయి కాబట్టి, గాలి బయలుదేరిన ఒడ్డున అవి ఇంకా పుట్టి ఉండవు. పైగా వెనుక చెట్లో గట్టో ఉంటే గాలి ఉన్నట్టే తెలియదు. చూడడానికి అంతకంటే ప్రశాంతమైన చోటు ఉండదు. అక్కడ నీరు చల్లగా ఉంటుందనీ, పాతిక గజాలు లోపలికి వెళ్లగానే గాలి వీపున తగిలి ఒడ్డుకు దూరంగా నెడుతుందనీ నీటిని చూసి ఊహించలేము.

గాలి నింపిన పడవలు, పరుపులు, బంతులు కొట్టుకుపోయేది ఇటువంటి ఒడ్డు నుంచే. బరువు లేని ఆ వస్తువు గాలికి కదిలే వేగాన్ని మామూలు ఈతగాడు అందుకోలేడు. దాని వెంట ఈదుకుంటూ పోయినవాడికి తిరుగు ప్రయాణంలో ఎదురుగాలి, చిరు అలలు, చల్లని నీరు మూడూ ఒకేసారి ఎదురవుతాయి. వస్తువు పోతే పోనివ్వండి. ఈ ఒక్క మాట పిల్లలకు నీళ్లలో దిగక ముందే చెప్పాలి.

ఎదుటి ఒడ్డున అలలు కనిపిస్తాయి గానీ, అక్కడి నీరు వెచ్చగా ఉంటుంది, కొట్టుకుపోయినది కూడా తిరిగి అదే ఒడ్డుకు చేరుతుంది. అలాగని అలలున్న చోటు ఎప్పుడూ మంచిదని నేను అనడం లేదు. పెద్ద అలలు, రాళ్లు ఉన్న ఒడ్డు ఈతకు పనికిరాదు. చిన్న చిన్న అలలున్నంత మాత్రాన దానిని వదిలేసి, అలలు లేవన్న ఒక్క కారణంతో ఇవతలి ఒడ్డును నమ్మడం సరికాదన్నదే నా మాట.

చల్లని నీటి విషయంలో ఇంకొక్క సంగతి. నీరు శరీరం నుంచి వేడిని గాలి కంటే సుమారు 25 రెట్లు వేగంగా లాగేస్తుంది. అయితే మొదటి ప్రమాదం అది కాదు. 15 డిగ్రీల కంటే చల్లని నీటిలోకి హఠాత్తుగా దూకినవారికి తమ ప్రమేయం లేకుండానే ఊపిరి ఎగబీలుస్తుంది. ఆ క్షణంలో నోరు నీటి కింద ఉంటే ఈత ఎంత బాగా వచ్చినా ఉపయోగం ఉండదు. ఆ ఉక్కిరిబిక్కిరి ఒకటి రెండు నిమిషాల్లో తగ్గిపోతుంది కాబట్టి, అంతవరకు ఈదడానికి ప్రయత్నించకుండా వెల్లకిలా తేలుతూ ఊపిరిని కుదుటపరచుకోవాలి. ఎండ మండిపోతున్న రోజున కూడా ఒడ్డు మీది నుంచి దూకకుండా నడుచుకుంటూ దిగమని చెప్పేది ఇందుకే.

[తెర మీద: ఊదడం ఆపగానే నూనె, నీళ్లు అటూ ఇటూ ఊగడం.]

మళ్లీ తొట్టె దగ్గరికి వద్దాం. ఊదడం ఆపాను. నూనె సమంగా పరచుకుని ఆగిపోలేదు. ఎడమ వైపుకు వచ్చి, హద్దు దాటి అక్కడ పేరుకుని, మళ్లీ కుడికి వెళ్తోంది. సరస్సుల్లో ఈ ఊపును శ్రద్ధగా కొలిచినవాడు స్విట్జర్లాండ్‌కు చెందిన ఫ్రాన్స్వా ఆల్ఫోన్స్ ఫొరెల్. సరస్సుల అధ్యయనాన్ని ఒక శాస్త్రంగా నిలబెట్టిన ఆయన 1841లో పుట్టి, జెనీవా సరస్సు ఒడ్డునే జీవితమంతా పరిశోధించారు. ఆ సరస్సు పై మట్టం ఈ చివర నుంచి ఆ చివరకు ఊగి తిరిగి రావడానికి సుమారు 73 నిమిషాలు పడుతుంది. ఉత్తర అమెరికాలోని ఈరీ సరస్సులో తుపాను గాలులు వీచినప్పుడు రెండు చివరల మట్టాలకు మధ్య 2 మీటర్లకు పైగా తేడా వచ్చిన సందర్భాలున్నాయి.

పై మట్టం కంటే, వెచ్చని పొరకూ చల్లని పొరకూ మధ్య ఉన్న హద్దు ఊగడం నాకు మరింత అద్భుతంగా తోస్తుంది. రెండు పొరల బరువులో తేడా స్వల్పం కాబట్టి ఆ ఊపు చాలా నెమ్మదిగా, చాలా ఎత్తుగా సాగుతుంది. స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సులో ఒక్క ఊపు పూర్తి కావడానికి రెండు రోజులకు పైగా పడుతుంది. పైనుంచి చూసేవారికి ఏమీ కనబడదు. గాలి ఆగిపోయి ఆకు కూడా కదలని రోజున, నీటి అడుగున కొన్ని మీటర్ల ఎత్తున్న అల మెల్లగా ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకు వస్తూ ఉంటుంది. నిన్న హాయిగా ఈదిన చోటే ఇవాళ నీరు ఎందుకింత చల్లగా ఉందని ఎవరైనా అడిగితే, చాలాసార్లు జవాబు అదే. అందువల్ల నిన్నటి అనుభవాన్ని నమ్ముకోకుండా ప్రతిసారీ నీటిని చేత్తో, కాలితో పరీక్షించి దిగాలి.

పడవ నడిపేవారికి ఇదే గాలి లెక్క ఇంకో రూపంలో అవసరమవుతుంది. తెడ్డు పడవ తీసుకున్నవారు సాధారణంగా సులువుగా కదిలే వైపుకు, అంటే వాలుగాలి వైపుకు బయలుదేరుతారు. అలసిపోయాక ఎదురుగాలిలో వెనక్కి రావలసి వస్తుంది. ఓపిక ఉన్నప్పుడే గాలికి ఎదురు వెళ్లి, తిరిగి వచ్చేటప్పుడు గాలి సాయం తీసుకోవడం మేలు. చాలా సరస్సుల్లో తెల్లవారుజామున గాలి నెమ్మదిగా ఉండి, మధ్యాహ్నానికి నేల వేడెక్కే కొద్దీ పెరుగుతుంది కాబట్టి పడవకూ, కొండల ప్రతిబింబం చూడడానికీ ఉదయమే అనువైన వేళ. కానీ ఇది అన్నిచోట్లా చెల్లే నియమం కాదు. ఇటలీలోని గార్డా సరస్సులో తెల్లవారుజామున ఉత్తరం నుంచి పెలేర్ అనే గాలి, మధ్యాహ్నం దక్షిణం నుంచి ఓరా అనే గాలి వీస్తాయి. అక్కడ ఉదయం ప్రశాంతంగా ఉంటుందనుకుని బయలుదేరితే ఇబ్బందే. ఏ సరస్సుకు వెళ్లినా అక్కడి పడవవాళ్లను ఏ వేళకు ఎటు గాలి వీస్తుందో అడగండి. లైఫ్ జాకెట్ కాళ్ల కింద పెట్టుకునే వస్తువు కాదని వేరుగా చెప్పనవసరం లేదనుకుంటాను.

[తెర మీద: శరత్కాలపు ఉదయం, నీటి మీద పొగమంచు.]

తొట్టెతో పోలిక ఒక చోట ఆగిపోతుంది. నూనె, నీరు ఎన్నటికీ కలవవు. సరస్సులో రెండు పొరలూ నీరే కాబట్టి, చలికాలం దగ్గరపడి పై పొర చల్లబడే కొద్దీ బరువులో తేడా తగ్గిపోయి, ఒక గట్టి గాలికి పైనుంచి అడుగు దాకా కలిసిపోతాయి. లోతు తక్కువైన సరస్సుల్లోనైతే గాలి వీచినప్పుడల్లా ఈ కలయిక జరుగుతుంది. నేల కంటే నీరు ఆలస్యంగా చల్లబడుతుంది కాబట్టి ఆ కాలపు ఉదయాల్లో వెచ్చని నీటి మీదికి చల్లని గాలి చేరి, నీటి ఆవిరి పొగమంచుగా మారుతుంది. ఒడ్డున నిలబడి చూడడానికి సంవత్సరంలో ఇంతకంటే మంచి సమయం లేదని నా అభిప్రాయం. పడవను మాత్రం మంచు విడిపోయాకే తీయాలి.

సమయం దగ్గర పడింది కాబట్టి మిగిలినవి త్వరగా చెబుతాను. నడక కోసం వెళ్లేవారు ఉదయం తూర్పు ఒడ్డున మొదలుపెడితే సూర్యుడు వీపు వెనుక ఉండి ఎదుటి కొండలన్నీ వెలుగులో కనిపిస్తాయి. సాయంత్రం పడమటి ఒడ్డుకు చేరితే మళ్లీ అదే ఫలితం. సాయంత్రం నీటి మీది గాలి చల్లబడి పైగాలి వెచ్చగా ఉండడం వల్ల శబ్దం కిందికి వంగి చాలా దూరం వినిపిస్తుంది. అవతలి ఒడ్డు మాటలు స్పష్టంగా వినబడ్డాయని అది దగ్గరే అనుకుని ఈదబోకండి. ఈత ఎప్పుడూ ఒడ్డు వెంబడే సాగాలి. తేటనీటిలో పైనుంచి చూసినప్పుడు 4 అడుగుల లోతు సుమారు 3 అడుగులుగా కనిపిస్తుంది. వాగు వచ్చి కలిసే చోట ఇసుక మేట వేసి నీరు లోతు లేనట్టుంటుంది గానీ, ఆ మేట చివర నేల ఒక్కసారిగా దిగిపోతుంది. అక్కడ పిల్లలను దింపవద్దు.

పక్షులను చూడాలనుకుంటే సరస్సు నడుమ వెతకడం వృథా. వెలుతురు అడుగును తాకేంత లోతులోనే నీటి మొక్కలు పెరుగుతాయి కాబట్టి కొంగలు, తల ముంచి మేత వెతికే బాతులు అంచుల్లోనే ఉంటాయి. పూర్తిగా మునిగి చేపలు పట్టే పక్షులు మాత్రం ఇంకొంచెం లోపల కనిపిస్తాయి. గూళ్లు కట్టే కాలంలో తుంగపొదల్లోకి పడవ పోనివ్వడం చాలా అన్యాయం. భయపడిన తల్లి లేచిపోతే గుడ్లు ఎండకూ కాకులకూ బలైపోతాయి.

ఉరుము వినిపించిన వెంటనే నీటి నుంచి బయటకు రావాలి. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు గడిచేదాకా తిరిగి దిగకూడదు. గాలి వెళ్లే వైపు ఒడ్డు వెచ్చగా ఉంటుందని చెప్పాను కదా, నీటిపై తేలే నీలి ఆకుపచ్చ నాచును కూడా గాలి అక్కడికే చేరుస్తుంది. ఒలికిన ఆకుపచ్చ రంగులా తెట్టు కట్టి కనిపిస్తే అందులో కొన్ని రకాలు విషపూరితమైనవి కావచ్చు. అటువంటి నీటిలో మీరూ దిగవద్దు, వెంట ఉన్న కుక్కను కూడా తాగనివ్వవద్దు.