గ్రూప్ ఫొటోలో మిగిలిపోయిన నాలుగు వేళ్ళు

మొన్న ఒక ఫ్రెండ్ నేనిచ్చిన మిస్టరీ నవల సగంలోనే తిరిగిచ్చేస్తూ, "డెబ్భయ్యో పేజీలోనే పట్టేశాను, ఎవరు చేశారో తెలిసిపోయింది, ఇక సస్పెన్స్ ఏముంది?" అన్నాడు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను గానీ ఇంటికొచ్చాక ఒళ్ళు మండింది. ఈ వీడియో ఆ మంటే.

ఇలాంటి నవలల్లో ఒక చిన్న ఊరు, పాతికేళ్ళ కింద ఎవరో కనిపించకుండా పోయారు, ఇప్పుడు ఒకరు తిరిగొచ్చి ఆ సంగతి కదిపారు. ఈ సెటప్ మీకు తెలిసిందే, మళ్ళీ చెప్పను. నా గొడవ ఒక్కటే, దీన్ని పొడుపుకథలా చదవడం. జవాబు చెప్పేశాను కాబట్టి కథ అయిపోయింది అనుకోవడం.

ఇదిగో, ఈ ఫొటో చూడండి.

(పాత గ్రూప్ ఫొటో కెమెరాకి దగ్గరగా)

ఏడుగురు నిలబడ్డారు. మధ్యలో ఒకర్ని నేనే కత్తెరతో తీసేశాను. కంగారు పడకండి, జిరాక్స్ కాపీనే. ఆ ఖాళీ ఎవరిదీ అని మీరు మహా అయితే రెండు సెకన్లు చూస్తారు. తర్వాత మీ కన్ను పక్కనున్నావిడ చేతి మీదకి పోతుంది. ఆవిడ ఆ మనిషి భుజం మీద చెయ్యి వేసింది. కత్తెర ఎంత మెల్లగా తిప్పినా భుజంతో పాటు ఆ వేళ్ళని కూడా తీసెయ్యడం నా వల్ల కాలేదు. భుజం పోయింది, నాలుగు వేళ్ళు గాలిలో ఉండిపోయాయి. ఇంకా చూడండి, ఈ చివర కుర్రాడు కెమెరా వైపు చూడట్లేదు, ఖాళీ వైపు చూస్తున్నాడు!

ఈ రకం నవలకి ఆ వేళ్ళే ప్రాణం. పోయిన మనిషి ఏమయ్యాడన్నది ఒక్క వాక్యంలో తేలిపోతుంది. ఇన్నేళ్ళూ ఎవరికి ఎంత తెలుసు, తెలిసీ పొద్దున్నే లేచి ఎదురింటివాళ్ళని ఎలా పలకరించారు, అది తేలడానికే మూడొందల పేజీలు కావాలి.

నిజంగా జరిగింది ఒకటి చెప్తాను. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రంలో సేర్ అని చిన్న ఊరు. 1970 నవంబర్‌లో అక్కడి ముగ్గురు టీనేజర్లు కారులో వెళ్ళి మళ్ళీ రాలేదు. ఊరన్నాక ఊరుకోదు కదా, ఎవరి కథ వాళ్ళు అల్లుకున్నారు. 2013 సెప్టెంబర్‌లో హైవే పోలీసులు దగ్గర్లోని ఫాస్ లేక్‌లో కొత్త సోనార్ పరికరాన్ని (శబ్దతరంగాలతో నీటి కింద ఉన్నవి కనిపెట్టేది) పరీక్షిస్తుంటే నీటి అడుగున కారు కనిపించింది. పక్కనే ఇంకోటి. రెండోది 1969లో మాయమైన మరో ముగ్గురిది. ఆరుగురి ఎముకలూ ఆ రెండు కార్లలోనే దొరికాయి. జనం పడవలేసుకుని తిరిగే సరస్సు అది. నలభైయేళ్ళకు పైగా కింద కార్లు, పైన పడవలు. ఇంట్లో ఫోన్ మోగిన ప్రతిసారీ తల్లి ఉలిక్కిపడే బతుకు అన్నేళ్ళు ఎలా ఉంటుందో ఊహించండి.

ఇలాంటి బతుకుల మీదే పనిచేసినావిడ పాలిన్ బాస్ అనే అమెరికన్ ఫ్యామిలీ థెరపిస్ట్. వియత్నాం యుద్ధంలో ఆచూకీ లేకుండా పోయిన పైలట్ల కుటుంబాలను 1970లలో పరిశీలించారు. మనిషి చనిపోయాడని తేలితే ఏడుస్తాం, బతికున్నాడని తేలితే ఎదురుచూస్తాం. రెండూ తేలకపోతే? ఆ తేలని నష్టానికి "యాంబిగ్యుయస్ లాస్" అని పేరు పెట్టింది ఆవిడే. నవలలో పాతికేళ్ళయినా కొడుకు గది దుప్పటి మార్చని తల్లి కనిపిస్తే "అబ్బా, సాగదీత" అనకండి. ఫొటోలో గాలిలో వేలాడే చెయ్యి ఆ తల్లిదే.

ఇక సాక్షులు. "ఆ రాత్రి ఎర్ర కారు చూశాను" అని పన్నెండో అధ్యాయంలో ఒకరంటారు, మనం నమ్మేస్తాం. చివర్లో అది తప్పని తేలితే రచయిత మోసం చేశాడంటాం. ఆగండి. 1974లో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనే సైకాలజీ పరిశోధకులు ఒక ప్రయోగాన్ని ప్రచురించారు. కారు ప్రమాదం ఫిల్మ్ చూపించి, కార్లు "తగిలినప్పుడు" ఎంత వేగంలో ఉన్నాయని కొందరిని, "నుజ్జయినప్పుడు" ఎంత వేగంలో ఉన్నాయని కొందరిని అడిగారు. వారం తర్వాత, పగిలిన అద్దం చూశారా అని అడిగితే, "నుజ్జు" మాట విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. "తగలడం" విన్న 50 మందిలో 7గురు. ఆ ఫిల్మ్‌లో అద్దం పగలనే లేదు! ఒక్క మాట, ఒక్క వారం, ఇంత తేడా. పాతికేళ్ళు, వంద పుకార్లు అయితే? నవల్లోని ఊళ్ళో ఇలాంటి ఫొటో కాపీ ప్రతి ఇంట్లోనూ ఉన్నట్టే, ఎవరికి వాళ్ళు దాని మీద రంగులు వేసుకున్నారు. వాళ్ళు అబద్ధం చెప్పట్లేదు. నిజంగానే అది ఎర్ర కారు, వాళ్ళకి.

అయ్యో, టైమ్ అయిపోతోంది, గబగబా చెప్పేస్తా. అప్పటి అధ్యాయం, ఇప్పటి అధ్యాయం మార్చి మార్చి రాస్తారు కదా, చాలామంది దాన్ని స్టైల్ కోసం వాడి చెడగొడతారు. అప్పుడు కుర్రాడు చూసింది ఇప్పుడు పెద్దాయన దాస్తున్నాడని మనకి తెలియాలి, అప్పుడే టెన్షన్ పుడుతుంది. ఊరంతా మొదట అనుమానించే బయటివాడు దాదాపు ఎప్పుడూ చేసుండడు, అది అందరికీ తెలుసు, వదిలేద్దాం. ఈ నవలల్లో ఎప్పుడూ తాగుతూ కనిపించే పోలీసాఫీసర్ గురించి నాకు పెద్ద కంప్లైంట్ ఉంది, అది ఇంకోసారి.

ఒక్కటి మాత్రం చెప్పి ఆపేస్తా. ఈ ఫొటోలో ఏడుగురున్నారు, ఒకర్ని తీసేశాం, ఆరుగురు. మరి ఫొటో తీసిందెవరు? నా ఫ్రెండ్‌ని అదే అడిగాను, మొదటి పేజీలో "నేను" అంటున్నది ఎవరు, ఆ రాత్రి ఎక్కడున్నారు అని. కాసేపు బుర్ర గోక్కుని, "అది చూళ్ళేదురా" అని పుస్తకం మళ్ళీ పట్టుకెళ్ళాడు.