జింకల మంద పెరిగితే జింక బాగున్నట్టేనా?

కర్నూలు జిల్లా ఆలూరు, ఆస్పరి వైపు బుడ్డల (వేరుశెనగ) చేనున్న ఏ రైతునైనా "కృష్ణజింకలు తగ్గిపోతున్నాయంట గదా" అని అడిగి చూడండి. కట్టె తీసుకుని వెంటపడతాడు! మొలక రాగానే మంద దిగుతుంది, తెల్లారేసరికి సాళ్ళకు సాళ్ళే ఖాళీ. చేను చుట్టూ పాత చీరలు కట్టినా, టపాసులు కాల్చినా నాలుగు రోజులే బెదురు. ఆ నష్టం నిజం, నేను కాదనను. కానీ మంద పెద్దదైంది కాబట్టి జింకకు ఢోకా లేదు అంటే మాత్రం ఒప్పుకోను.

ఎందుకో చూడండి. ఎదకాలంలో మగ కృష్ణజింకలు ఒకచోట చేరతాయి. ఒక్కోటి కాస్త నేల పట్టుకుని, పెంటికల కుప్పలతో హద్దు పెట్టి, వచ్చినవాటితో కొమ్ములు కలుపుతుంది. ఆడవి ఎక్కువగా నెగ్గిన కొన్నింటి దగ్గరికే పోతాయి. ఒక మందలో ఆడవి 95, జతకట్టే మగవి 5 అనుకుందాం. జన్యుశాస్త్రంలో దీనికో లెక్కుంది: ఆ రెండూ గుణించి, నాలుగుతో హెచ్చించి, మొత్తంతో భాగించాలి. వచ్చేది 19. కంటికి నూరు, జన్యువుల లెక్కలో 19! అంటే ఆ మందలో జన్యువుల రకాలు 19 జింకల మందలో తరిగినంత వేగంగా తరుగుతాయి.

ఇప్పుడు ఆ మంద కొత్త బీళ్ళలోకి పాకుతుంది. ముందు పోయేవి కొన్నే. మూటలోంచి పిడికెడు విత్తనం తీసి చల్లి, ఆ పంటలోంచి మళ్ళీ పిడికెడే తీసి ఇంకో చేలో చల్లినట్టు, ప్రతి అడుగులో కొన్ని జన్యువులు రాలిపోతాయి. అంచున ఉన్నదాని సంతానమే మళ్ళీ అంచున ఉంటుంది కాబట్టి, ఏ గొప్పా లేని జన్యువు కూడా, ఒక్కోసారి చెడ్డది కూడా, అదృష్టం కొద్దీ మందంతా నిండిపోతుంది. వెనకనుంచి కొత్త మగవి వస్తుంటే ఆ లోటు పూడుతుంది. దారి తెగితే పూడదు.

మన దగ్గర తెంచేవి తెలిసినవే. 44వ నంబరు హైవే. సిమెంటు లైనింగు వేసిన కాలువలు, పడితే గట్టెక్కడం కష్టం. ఎకరాలకు ఎకరాలు కంచె వేసే సోలార్ పార్కులు. ఓర్వకల్లు పక్కన గని–శకునాలలో ఉన్నదే 5,900 ఎకరాల పైచిలుకు. కరెంటు వద్దనడం లేదు, మధ్యలో దారి వదలమంటున్నా.

తెగితే ఏమవుతుందో ఒడిశాలోని సిమిలిపాల్ పులులు చూపిస్తాయి. ఒళ్ళంతా నల్లచారలు కమ్మిన పులులు అడవిలో కనబడేది అక్కడే. మిగతా పులులతో సంబంధం తెగిన చిన్న గుంపులో ఒక అరుదైన జన్యు మార్పు అలా పేరుకుపోయిందని 2021లో శాస్త్రవేత్తలు తేల్చారు.

కృష్ణజింక ఇంకా అంతదాకా రాలేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ) వాళ్ళు దేశంలో పలుచోట్ల పెంటికలు ఏరి పరీక్షిస్తే, ఆడవి పుట్టిన చోటే ఉంటున్నా, మగవి అనుకున్నదానికంటే ఎక్కువే తిరుగుతున్నాయని తేలింది. మీ చేను తొక్కిపోయే ఆ ఒంటరి నల్ల పోతే జన్యువులు మోసుకెళ్ళేది. కోపం రావడం సహజమే, మరి!

కాబట్టి "అన్నిటినీ పట్టి ఒక పార్కులో వేసేయండి" అనేవాళ్ళకు నా మాట ఒకటే. తరలించాల్సివస్తే ఒకే మంద నుంచి పట్టకండి, నాలుగు మందలవి కలపండి. రైతుకు పరిహారం పంట చేతికొచ్చే కాలం దాటకముందే ఇవ్వండి. మీ ఊరి దగ్గర జింకలు రోడ్డుగానీ కాలువగానీ ఎక్కడ దాటుతున్నాయో, ఏ నెలలో దాటుతున్నాయో కామెంట్లో రాయండి.