సుగ్గికి పోయే పిల్లలకు బడి ఎక్కడ?

[దృశ్యం: తెల్లవారకముందే ఊరి నడుమ ఆగి ఉన్న లారీ. బియ్యం మూటలు, వంటగిన్నెలు, ప్లాస్టిక్ పట్టాలు, వాటి మీద నిద్రమత్తులో పిల్లలు.]

కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం. కర్నూలు జిల్లాలో పడమటి అంచు మండలాలు. పక్కనే తుంగభద్ర పారుతున్నా చాలా పొలాలకు వానే దిక్కు. ఖరీఫ్ పంట ఇంటికొచ్చాక ఊళ్లో పని దొరకదు. అందుకే కుటుంబాలకు కుటుంబాలు గుంటూరు, పల్నాడు వైపు పత్తి తీయడానికి, మిరప కోతకు వెళ్తాయి. దీన్నే అక్కడ సుగ్గికి పోవడం అంటారు. మళ్లీ ఊరి మొహం చూసేది ఉగాది దగ్గర పడ్డాకే.

వెళ్లేవాళ్లలో ఎక్కువమంది దళితులు, బోయ, కురువ కుటుంబాలవాళ్లు. సొంత భూమి లేనివాళ్లు, ఉన్నా ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్లు.

[దృశ్యం: మిరప చేను గట్టు. వేపకొమ్మకు కట్టిన చీర ఊయల. పక్కన తొమ్మిదేళ్ల పిల్ల.]

ఈ పిల్లను చూడండి. బడిలో నాలుగో తరగతి. ఇక్కడ ఆమె పని చెల్లెల్ని ఊపడం. చెల్లెలు పడుకుంటే కల్లంలోకి వెళ్లి, ఎండబోసిన మిరపలో తాలు కాయలు ఏరుతుంది. ఆ చేత్తో కళ్లు తుడుచుకుంటే సాయంత్రం దాకా మంటే. కోతకు చాలాచోట్ల కిలో లెక్కన కూలీ ఇస్తారు కాబట్టి, పిల్ల చంటిదాన్ని చూసుకుంటేనే తల్లి రెండు చేతులా కోయగలదు.

"వీళ్లకు చదువు విలువ తెలియదండీ" అని తేలిగ్గా అనేస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. నాలుగైదు నెలలు పిల్లకు అన్నం పెట్టి, రాత్రి కాపలా కాసేవాళ్లు ఊళ్లో ఉంటే ఏ తల్లి మాత్రం ఎందుకు వెంట తీసుకెళ్తుంది? ఇంట్లో ముసలమ్మ ఉంటే ఆమె దగ్గర వదిలి వెళ్తారు. లేకపోతే లారీ ఎక్కిస్తారు.

[గ్రాఫిక్: 220 రోజులు. 75 శాతం అంటే 165 రోజులు.]

ఇప్పుడు ఒక చిన్న లెక్క. విద్యాహక్కు చట్టం ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి కనీసం 220 పనిదినాలు ఉండాలి. పిల్లల్ని బడికి పంపే తల్లులకు ప్రభుత్వం డబ్బిచ్చేలా 2020లో మొదలైన అమ్మఒడి పథకానికి 75 శాతం హాజరు షరతు పెట్టారు. అంటే 55 రోజులకు మించి మానకూడదు. సుగ్గికి వెళ్లిన ఈ తరగతుల పిల్లలకు ఆ 55 రోజులు సంక్రాంతి నాటికో, ఆ తర్వాత కొద్ది రోజులకో అయిపోయేవి. బడికి పంపమని ఇచ్చిన డబ్బు, పంపలేనివాళ్లకే అందకుండా పోయేది. షరతు పెట్టినవాళ్లకు ఈ ఊళ్లు గుర్తొచ్చినట్టు లేదు.

[దృశ్యం: బడి వరండా. సాయంత్రం కంచాలు పట్టుకుని కూర్చున్న పిల్లలు.]

దీనికి పనికొచ్చే ఏర్పాటు ఒకటి ఇప్పటికే ఉంది: సీజనల్ హాస్టల్, అంటే తల్లిదండ్రులు వలసపోయిన నెలల్లో పిల్లలు ఉండే చోటు. పెద్ద భవనాలు అక్కర్లేదు. ఉన్న ఊళ్లోనే, ఉన్న బడిలోనే నడుస్తుంది. మధ్యాహ్న భోజనం ఎలాగూ ఉంది, దానికి తోడు పొద్దున, రాత్రి తిండి, పడుకోవడానికి చోటు, చూసుకోవడానికి మనిషి. కర్నూలులోనే కాదు, ఇటుక బట్టీలకు వలసపోయే ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల్లోనూ ఇలాంటివి నడిపారు.

అయితే ఇక్కడ ముఖ్యమైనది తేదీ. లారీ కదిలాక హాస్టల్ తెరిస్తే అందులో పడుకునేదెవరు? దీపావళికి ముందే తలుపు తీసి, వంటమనిషిని పెట్టి, "ఇదిగో, మీ పిల్ల ఇక్కడ ఉంటుంది" అని తల్లికి చూపించాలి. నమ్మకం కుదరడానికి లారీ కదిలేలోపు పది రోజులైనా కావాలి, ఆడపిల్ల విషయంలో మరీనూ. చంటిపిల్లల సంగతి కూడా చూడాలి. చెల్లెలు చేలో ఉంటే అక్క హాస్టల్లో ఉండదు. ఈ ముక్కను హాస్టళ్ల ప్లానింగ్‌లో తరచూ మర్చిపోతారు.

[గ్రాఫిక్: విద్యాహక్కు చట్టం, 2009. సెక్షన్లు 4, 5, 14.]

అప్పటికే వెళ్లిపోయిన పిల్లల మాటేంటి? పల్నాడులో మీ బడి పక్కనే గుడారాలు వేశారనుకోండి. టీసీ రావడం ఆలస్యమైందని ఆ పిల్లల్ని చేర్చుకోకుండా ఉండటానికి వీల్లేదు, సెక్షన్ 5 అదే చెబుతుంది. వయసు ధ్రువపత్రం లేదని తిప్పి పంపకూడదు, అది సెక్షన్ 14. పదకొండేళ్ల పిల్లవాడు అసలు బడి మొహమే చూడకపోయినా, ఒకటో తరగతిలో చిన్నపిల్లల మధ్య కూర్చోబెట్టక్కర్లేదు. వయసుకు తగిన తరగతిలోనే చేర్చి, వెనకబడినదాన్ని ప్రత్యేక శిక్షణతో పూడ్చాలి. అది సెక్షన్ 4.

అది జరిగే పనేనా అంటే, జరిగింది. 1990లలోనే రంగారెడ్డి జిల్లాలో ఎం.వి. ఫౌండేషన్ బ్రిడ్జి క్యాంపులు పెట్టి, పనిలో ఉన్న పిల్లల్ని వయసుకు తగిన తరగతులకు సిద్ధం చేసింది. ఆ సంస్థను నడిపిన శాంతా సిన్హాకు 2003లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. చట్టం వచ్చింది ఆ తర్వాతే.

[దృశ్యం: బడిలో తల్లుల సమావేశం.]

మీది వలసలు పోయే ఊరైతే, దసరా సెలవులకు ముందే స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ సమావేశం పెట్టమనండి. అందులో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఈసారి ఏ ఇళ్లు సుగ్గికి పోతున్నాయో ఆ కూర్చున్న తల్లులకు తెలిసినంతగా ఏ ఆఫీసుకూ తెలియదు. పేర్లు అక్కడే రాయించండి, చంటిపిల్లల పేర్లతో సహా. కాపీ మండల విద్యాధికారికి ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి.